పెంకుల్లోంచి నీళ్ళు

ఆ రోజుకి కాన్సల్ గారు పెట్టుకున్న పని పెద్దదేమీ కాదు. పొద్దున్నే రెండు పెట్టెల సీళ్ళు చూసుకోవడం, ఒకదాన్ని విమానానికి, ఇంకొకదాన్ని ఓడకి పంపించడం, మధ్యాహ్నం ఇంటికొచ్చి భోంచేసి ఓ కునుకు తీయడం. ఒక పెట్టెలో ఆయన ఫ్యాక్టరీలో కాల్చిన పెంకులున్నాయి. ఇంకో పెట్టెలో ఒక నావికుడి శవం ఉంది.

కాన్సల్ అనగానే సూటూ బూటూ వేసుకున్న దొరగారిని ఊహించుకోనక్కర్లేదు. ఈయన ఇంటిపెంకుల వ్యాపారి. జనమంతా శ్లాబులు పోసుకోవడం మొదలుపెట్టాక ఆయన మూడు బట్టీల్లో రెండు ఆరిపోయాయి, మూడోది ఆయన మొండితనం మీద మండుతోంది. ఆ గడ్డుకాలంలోనే, సముద్రాలకు అవతల ఎక్కడో ఉన్న ఒక దేశం ఈ రేవులో తనకో గౌరవ కాన్సల్ కావాలని కబురు పెట్టింది. అంటే జీతం లేని రాయబారి. ఆ దేశం మనిషి ఇక్కడ తప్పిపోతే వెతకాలి, జైల్లో పడితే విడిపించాలి, చస్తే పంపించాలి. ఈ వెట్టిచాకిరీకి పెద్దమనుషులెవరూ ముందుకు రాలేదు. ఆ దేశంలో ఏడాది పొడుగునా వానలేనని, అక్కడి కప్పులన్నీ ఏటవాలువేనని ఎక్కడో చదివిన పెంకులాయన మాత్రం ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు. షోరూము ముందు ఆ దేశం జెండా కట్టించాడు. లోపల నమూనా పెంకుల అలమర పక్కన ఓ బల్ల వేసుకుని, దానిమీద లక్క, ఇత్తడి ముద్ర పెట్టుకుని కూర్చున్నాడు. ఏళ్ళు గడిచాయి. ఆ దేశానికి ఒక్క పెంకు కూడా వెళ్ళలేదు. అక్కడినుంచి వచ్చిన మొదటి అవసరం ఈ శవమే.

ఆ నావికుడు పాతికేళ్ళ కుర్రాడు. ఊళ్ళోకెళ్ళి కాస్త పుచ్చుకుని తిరిగి ఓడెక్కుతూ, గట్టుకీ ఓడకీ మధ్య వేసిన చెక్క మీంచి జారి నీళ్ళలో పడ్డాడు. అంతే. అదే ఓడలో ఇంజను దగ్గర పనిచేసే అతని అన్న షోరూముకి వచ్చాడు. రకరకాల రేవుల్లో ఏరుకున్న ముక్కలతో మన భాష తంటాలు పడి మాట్లాడతాడు. ఓడ ఆగదు, తను వెళ్ళిపోవాలి. కాన్సల్ గారి చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"అమ్మకి వాణ్ణి చేర్చండి," అన్నాడు. "ఇంకేం వద్దు. వాణ్ణి అమ్మకి చేర్చండి చాలు."

"మా తమ్ముడనుకుని పంపిస్తాను," అన్నాడు కాన్సల్. ఆ మాట మనసులోంచే వచ్చింది. ఆయన మీద ఎన్ని చెప్పుకున్నా, అది మాత్రం నిజం.

మొదటి పొరపాటు ఆ దయలోంచే పుట్టింది. మరణవార్త ఆ దేశానికి ఈయనే రాయాలి. తాగి జారిపడ్డాడని ఒక తల్లికి ఎలా రాస్తారు? పైగా ఈయనకి సాదా వాక్యం రాసే అలవాటు పుట్టుకతోనే లేదు. పెంకుల రసీదు మీద కూడా "తమ ఇంటికి శుభం చేకూరుగాక" అని రాసే మనిషి. కాబట్టి, ఆ యువకుడు మన రెండు దేశాల మైత్రి కోసం విధి నిర్వహణలో ప్రాణాలర్పించాడని రాసేసి, తేలికపడ్డ మనసుతో ఇంటికెళ్ళాడు.

ఆ దేశంలో సరిగ్గా అప్పుడే ఈ రెండు దేశాల మధ్య వాణిజ్య ఒప్పందం మీద గొడవ జరుగుతోంది. అంత దూరంలో ఉన్న దేశంతో మనకేం పనని ప్రతిపక్షం వాళ్ళు వాణిజ్య మంత్రిని ఉతికి ఆరేస్తున్నారు. అలాంటి మంత్రికి ఈ వార్త అందింది. మైత్రి కోసం ప్రాణమిచ్చినవాడొకడు దొరికాడు. ఇక ఒప్పందాన్ని వేలెత్తి చూపేవాళ్ళు ఆ వీరుణ్ణి అవమానించినట్టే. మంత్రిగారు వెంటనే ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు ప్రకటించారు. ఒప్పందం మీద సంతకం చెయ్యడానికి అప్పటికే అక్కడున్న మన ఉపమంత్రిగారు తను కూడా పాడె మోస్తానని మాటిచ్చారు.

ఈ సంగతి చేరేసరికి కాన్సల్ గారి ఛాతీ కాస్త పొంగింది. తన వాక్యానికి ఇంత బలం ఉందని ఆయనకి ఇన్నాళ్ళూ తెలియదు. ఆ ఊపులోనే ఇంకో ఆలోచన వచ్చింది. కాన్సల్ సీలు పడిన పెట్టెని ఏ దేశంలోనూ తెరవకూడదు. లోపలేముందో పైన రాయనూ కూడదు, నెంబరు మాత్రమే ఉండాలి. క్రితంసారి ఇంకేదో దేశంలో ప్రదర్శనకి నమూనాలు పంపితే తనిఖీవాళ్ళు పెట్టె విప్పి, ఒక్కో పెంకూ తీసి కొట్టి చూసి, సగం పగలగొట్టారు. ఇప్పుడు నావికుడి దేశంలోనే త్వరలో పెద్ద వాణిజ్య ప్రదర్శన ఉంది. ఈయన కొత్తగా పోయించిన రకం, నీళ్ళు జారడానికి రెండు గాడులున్నది, ఇంకా బయట ఎవరి కంటా పడలేదు. శవం పెట్టెకి ఎలాగూ సీలు వేస్తున్నాం కదా, పక్కనే ఉన్న పెంకుల పెట్టెకి కూడా ఒకటి కొడితే ఎవరడుగుతారు అనుకున్నాడు. కొట్టేశాడు.

ఫ్యాక్టరీ వడ్రంగికి ఒకే కొలత పెట్టె చెయ్యడం వచ్చు. అతని తండ్రి కూడా అదే కొలత చేసేవాడు. మనిషి పడుకునే పెట్టె చెయ్యమంటే పెంకుల పెట్టే కాస్త శ్రద్ధగా చేసి, లోపల రేకు పరిచి, టంకం పెట్టి, ఎండలకి భయపడి చుట్టూ ఐసు కూరాడు. రెండోదాంట్లో పెంకులూ గడ్డీ నింపాడు. పక్కపక్కన పెడితే కవలపిల్లల్లా ఉన్నాయి. పంపకాల వ్యవహారం చూసే కాన్సల్ గారి బావమరిది ఒకటో నెంబరు రేకుబిళ్ళ పెంకులకి, రెండోది శవానికి తీగతో కట్టాడు. వ్యాపారం ముందు కదా. రెండో నెంబరు విమానానికి, ఒకటో నెంబరు ఓడకి అని రవాణా ఏజెంటుకి ఫోన్లో చెప్పేసి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు.

ఆ పొద్దున కాన్సల్ గారు స్నానంలో ఉండగా ఆయన భార్య షోరూముకి వచ్చింది. పరాయి దేశంలో దిక్కులేకుండా పోయిన బిడ్డ, వెళ్ళేటప్పుడైనా నాలుగు పువ్వులు పెడదామని. అందులో వాడున్న పెట్టె ఏదని వడ్రంగినడిగింది. అతను చూపించాడు. ఆవిడ పువ్వులు పెట్టి, దణ్ణం పెట్టుకుని, అప్పుడు చూసింది బిళ్ళ.

"మనిషికి రెండో నెంబరేమిటయ్యా? పెంకుల తర్వాతనా వీడు? ముందు ఆ బిళ్ళలు మార్చు."

అమ్మగారి మాటలో తప్పేముందని వడ్రంగి తీగలు విప్పి, బిళ్ళలు మార్చి కట్టాడు. పువ్వులు పక్కకి జారితే ఆవిడే తీసి రెండు పెట్టెల మీదా సమంగా సర్దింది. ఈ సంగతి ఎవరికైనా చెప్పాలని ఆవిడకి తోచలేదు. ఇల్లు సర్దినప్పుడు ప్రతి గిన్నె గురించీ మొగుడికి చెబుతామా? కాసేపటికి కాన్సల్ వచ్చాడు, సీళ్ళు చూసుకున్నాడు, ఏజెంటు మనుషులు రెండో నెంబరుని విమానాశ్రయానికీ ఒకటో నెంబరుని రేవు గోడౌనుకీ తీసుకుపోయారు. మరణ ధ్రువపత్రం, మిగతా కాగితాలు రెండో నెంబరుతో పాటు వెళ్ళాయి. అది వ్యాను ఎక్కుతుంటే కాన్సల్ గారు తల వంచి నిలబడ్డాడు. కళ్ళు చెమర్చాయి కూడా. తన పెంకుల ముందు ఆయన అంత భక్తిగా నిలబడటం అదే మొదలు.

భోజనం అయింది. కునుకు పట్టే వేళకి రేవు గోడౌను గుమస్తా ఫోన్ చేశాడు.

"సార్, మీ పెంకుల్లోంచి నీళ్ళు కారుతున్నాయండీ."

"పెంకుల్లోంచి నీళ్ళేమిటయ్యా? వానేమైనా పడిందా?"

"వాన లేదు సార్. పెట్టెలోంచే. చల్లగా ఉన్నాయి."

కాన్సల్ గారు కునుకు మానేసి, బావమరిదిని వెంటబెట్టుకుని గోడౌనుకి పరుగెత్తాడు. వెళ్ళేసరికి పెట్టె కింద నేలంతా తడిసి ఉంది. గుమస్తా పాపం, పక్కనున్న బియ్యం బస్తాలు పాడవుతాయని చుట్టూ గోనెపట్టాలు అడ్డం పెట్టాడు. టంకం ఒక మూల విడిపోయింది. బావమరిది బిళ్ళ చూసి, "ఒకటే కదా బావా, పెంకులే కదా," అని మళ్ళీ మళ్ళీ అంటున్నాడు. వెనకాలే వచ్చిన భార్య బిళ్ళ వంకా మొగుడి వంకా చూసి, కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "నేనే మార్పించానండీ," అంది. ఆయన తిట్టలేకపోయాడు. తప్పు చేసినవాళ్ళందరిలో ఆ కుర్రాణ్ణి మనిషిగా చూసింది ఆవిడొక్కతే.

విమానం అప్పటికే సముద్రం మీద ఉంది. కాన్సల్ గారు ఆ దేశపు రాయబార కార్యాలయానికి ఫోన్ చేశాడు. అది ఇక్కడ లేదు, పక్క దేశం రాజధానిలో ఉంది. కార్యదర్శి ఫోనెత్తాడు. పెట్టె పూడ్చవద్దు, వెనక్కి పంపించండి, మీవాడు ఇక్కడే ఉన్నాడు, అని ఈయన గసపోసుకుంటూ చెప్పాడు. జీవితంలో మొదటిసారి ఏ అలంకారమూ లేకుండా మాట్లాడాడు. కానీ ఈయన రాతలు చదివిన మనిషి ఆ కార్యదర్శి. ఈయన మాటకి ఉన్న అర్థం వదిలేసి, లేని అర్థం కోసం వెతికాడు. మీవాడు ఇక్కడే ఉన్నాడంటే ఏమిటి? వీరుడి ఆత్మ మా గడ్డ మీదే ఉంది, దేహం కూడా మాకే ఇవ్వండి అని. ఆ మాటే పైకి పంపించాడు.

తెల్లారేసరికి ఆ దేశం నిరసన తెలిపింది. మా వీరుణ్ణి సొంతం చేసుకోవాలని చూడటం స్నేహధర్మం కాదంది. ఒప్పందం మీద సంతకాలు ఆపుతామని కూడా సూచించింది. ఇక్కడి విదేశాంగ శాఖవాళ్ళకి ఏమీ అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పడం ఆ శాఖలో అలవాటు లేదు కాబట్టి, గట్టిగా ఖండించారు. ఆ తర్వాత ఖండించింది ఏమిటో కనుక్కురమ్మని ఒక అధికారిని కారులో పంపించారు.

ఆ అధికారి షోరూములో కూర్చుని అంతా విన్నాడు. పెద్దమనిషి, మాట మెత్తన. విన్నంతసేపూ అలమరలో పెంకుల వైపే చూశాడు. తర్వాత, ఉమ్మడి ప్రకటన సిద్ధమైందని, ఆ పెట్టెలో ఉన్నది ఆ నావికుడేనని అందులో రెండు ప్రభుత్వాలూ ఒప్పుకున్నాయని నెమ్మదిగా చెప్పాడు. మన ఉపమంత్రిగారు రేపు ఆ పెట్టెకి భుజం పట్టబోతున్నారు. ఆయన మోయబోయేది పెంకులని ఇప్పుడెవరు చెబుతారు?

"మరి ఆ కుర్రాణ్ణి ఏం చెయ్యమంటారు?" అనడిగాడు కాన్సల్.

"ఏ కుర్రాణ్ణి?" అన్నాడు అధికారి.

అది వెటకారం కాదు. ఆయన నిజంగానే ఆ ప్రశ్న అక్కడితో ముగిసిందనుకున్నాడు. వెళుతూ వెళుతూ, రవాణాలో పాడైన సరుకు కింద రాసేసుకోమని సలహా కూడా ఇచ్చాడు.

మర్నాడు అంత్యక్రియలు టీవీలో వచ్చాయి. కాన్సల్ గారు చూడకూడదనుకుంటూనే చూశాడు. తుపాకుల వందనం, జెండా కప్పిన పెట్టె, రెండు దేశాల పెద్దలు. తర్వాతి రేవులోంచి విమానంలో పిలిపించిన అన్న కూడా ముందు కొస పట్టుకున్నాడు. మెట్లు ఎక్కుతుండగా ఉపమంత్రిగారి భుజం కాస్త జారింది, పెట్టె ఒక పక్కకి ఒరిగింది. ఏం చప్పుడైందో టీవీలో వినిపించలేదు. ఎందుకంటే సరిగ్గా అప్పుడే బాండువాళ్ళు ఉన్నట్టుండి గట్టిగా వాయించారు. ఆఖర్న ఒక ముసలామె వచ్చి పెట్టె మీద చెయ్యి పెట్టి నిమిరింది. ఆ తల్లి నిమిరింది ఈయన కాల్చిన పెంకుల్ని. కాన్సల్ లేచి బయటికెళ్ళిపోయాడు. అంత సిగ్గు ఆయన ఎన్నడూ ఎరగడు.

ఇక్కడున్నవాణ్ణి ఎన్నాళ్ళని ఉంచుతారు? శ్మశానంవాళ్ళు ధ్రువపత్రం కావాలన్నారు. అది పెంకులతో పాటు వెళ్ళి, ప్రభుత్వ లాంఛనాలతో దాఖలైపోయింది. ఇంకోటి ఇమ్మంటే ఆసుపత్రిలో డాక్టరు, ఇతను ఒకసారి చనిపోయాడు కదండీ, మళ్ళీ ఎందుకు అన్నాడు. చివరికి వడ్రంగి టంకం సరిగ్గా పెట్టి మూసిన అదే పెట్టెలో, ఆరిపోయిన బట్టీల వెనక, ఫ్యాక్టరీ వాళ్ళందరూ నిలబడి ఉండగా పూడ్చిపెట్టారు. బావమరిది ఏడ్చాడు. కాన్సల్ నాలుగు మాటలు చెబుతాడేమోనని అందరూ ఎదురుచూశారు. ఆయన వెనక్కి తిరిగి బట్టీల వైపు నడిచాడు.

ఆ వారంలోనే ఒప్పందం కుదిరింది. దాంతో పాటు ఆర్డరొచ్చింది. వీరుడు నేలకొరిగిన దేశపు పెంకులతోనే వీరుడి స్మారక మండపానికి కప్పు వేయాలని మంత్రిగారు ఆశించారట. మండపంతో పాటు పిల్లల బళ్ళకీ, ఆసుపత్రులకీ కూడా. కార్యదర్శే ఫోన్ చేసి చెప్పాడు. ఏ రకం పెంకు కావాలని కాన్సల్ అడిగాడు.

"అదేనండీ, రెండు గాడులున్న కొత్త రకం."

ఆ రకం ఫ్యాక్టరీ గడప దాటి వెళ్ళింది ఒక్కసారే, ఆ పెట్టెలో. అంటే తెరిచారు. ఎవరు తెరిచారో, పూడ్చే ముందే తెరిచారో, చూసి మూసి మళ్ళీ జెండా కప్పారో. ఆయన అడగలేదు, కార్యదర్శి చెప్పలేదు. ఇద్దరూ వాతావరణం గురించి రెండు మాటలు మాట్లాడుకున్నారు. అక్కడ వాన పడుతోందట.

మూడు బట్టీలూ మళ్ళీ రాజుకున్నాయి. ఎన్నో ఏళ్ళుగా ఆయన కన్న కల అది. తీరా నిజమయ్యాక, పొద్దున్నే పొగ లేవడం చూస్తే ఆయనకి అన్నం సహించడం మానేసింది. కాన్సల్ పదవికి రాజీనామా చేస్తానన్నాడు. రెండు ప్రభుత్వాలూ ఒప్పుకోకపోగా చెరో పతకం ఇచ్చాయి. పెంకులు ఎక్కించుకోవడానికి ఆ దేశం ఓడే రేవుకి వచ్చింది. ఆ ఓడలోంచి దిగి అన్న తిన్నగా షోరూముకి వచ్చాడు.

ఆయన్ని గుమ్మంలో చూడగానే కాన్సల్ గారు బల్ల వెనక నుంచి లేచాడు. చెప్పాల్సిందంతా ఎన్నోసార్లు లోపల్లోపల చెప్పుకున్నాడు. నిజం చెబితే ఒప్పందం పోతుంది, మూడు బట్టీలూ పోతాయి. చెప్పకపోతే ఈ మనిషి మొహం ఎలా చూడాలి?

"మిమ్మల్ని మోసం చేశాను," అన్నాడు ఎట్టకేలకు. "ఆ పెట్టెలో మీ తమ్ముడు లేడు."

అన్న తలూపాడు. "తెలుసు. నేను మోశాను కదా. ఒరిగినప్పుడు లోపల గలగలమంది."

"మరి ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరికి చెప్పాలి? చుట్టూ ఉన్నవాళ్ళందరూ విన్నారు. బాండు కూడా విన్నది."

"అమ్మగారికి..."

"అమ్మ కూడా విన్నది," అన్నాడు అన్న. "అంతమంది ముందు ఏమీ అనలేదు. మంత్రి ఇచ్చిన దండ తీసుకుంది. ఇంటికొచ్చి తలుపు వేసి, ఒకటే మాటంది. వాడెక్కడున్నాడో కనుక్కుని, తీసుకురా అంది."

కాన్సల్ భార్య ముందు నడిచి దారి చూపించింది. ఆ చోటు చుట్టూ ఆవిడే ఇటుకలు పేర్చి, మొక్కలు వేసి పెంచుతోంది. అన్న చాలాసేపు అక్కడ కూర్చున్నాడు. తర్వాత లేచి గునపం అడిగాడు. కాన్సల్ గారు ఆయన చేతికివ్వకుండా తనే చొక్కా విప్పి తవ్వడం మొదలుపెట్టాడు. అలవాటులేని చేతులు, బొబ్బలెక్కాయి. వడ్రంగి, బావమరిది వచ్చి కలిశారు. పెట్టె చెక్కుచెదరకుండా ఉంది. కడిగి, తుడిచి, రేవుకి వెళ్ళే లారీలో పెంకుల పెట్టెల మధ్యకి ఎక్కించారు. ఈసారి సీలూ లేదు, నెంబరూ లేదు, రేవు గుమస్తా లెక్కలో అదీ ఒక పెంకుల పెట్టే. అన్న లారీలో దాని పక్కనే కూర్చున్నాడు, ఒక చెయ్యి పెట్టె మీదే ఉంచి.

కుర్రాడు ఇల్లు చేరాడని కొన్నాళ్ళకి తెలిసింది. వాళ్ళ పెరట్లో, ఎవరికీ చెప్పకుండా, బాండు లేకుండా జరిగిందట. తల్లి తన చేతులతో మట్టి వేసిందట. ఆ మాట విన్న రోజు కాన్సల్ గారు చాలాకాలం తర్వాత కడుపునిండా తిన్నాడు.

ఆ వెనకే వాణిజ్య శాఖ నుంచి కబురొచ్చింది. సరుకులో ఒక పెట్టె తక్కువొచ్చిందని, నాణ్యత గురించి మాత్రం తమకి ఫిర్యాదేమీ లేదని.